వెల్స్‌ను ఉతికి ఆరేస్తారా?

అయ్యా,

పది రోజుల కిందట మీ ఆదివారం సంచికలో పాత సైన్స్ ఫిక్షన్ నవలల మీద వచ్చిన వ్యాసం చదివి, ఉండబట్టలేక రాస్తున్నాను. ఆ నవలల్లో జాతి దురహంకారం ఉందట, ఆడవాళ్లు కనబడరట, కాబట్టి పిల్లలకు ‘శుభ్రం చేసిన’ ప్రతులే ఇవ్వాలట. మొదటి రెండూ చాలావరకు నిజమే. మూడోదే మింగుడుపడలేదు.

అంగారక గ్రహవాసులు భూమి మీద దండెత్తే కథగా ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1898లో వెలువరించిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ మొదటి అధ్యాయం తీసుకోండి. అంగారకులను తిట్టిపోసే ముందు మనం చేసిన పనులు తలచుకోమంటాడు. ఐరోపా వలసదారులు యాభై ఏళ్లలో ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవి ప్రజలను తుడిచిపెట్టారని తనవాళ్ల మొహం మీదే అంటాడు. (ఆ ప్రజల వారసులు నేటికీ ఉన్నారు. అంతరించిపోయారనుకోవడమూ ఆ కాలపు నమ్మకమే.) అదే పేరాలో వారిని ‘తక్కువ జాతులు’ అనీ రాశాడు! సామ్రాజ్యాన్ని నిలదీసిన చెయ్యే ఆ మాటా రాసింది. దాన్ని కొట్టేస్తే పిల్లవాడికి మంచివాడైన వెల్స్ దొరుకుతాడు కానీ, 1898 దొరకదు.

ఈ శుభ్రత కొత్తదీ కాదు. ఫ్రెంచి నవలాకారుడు జూల్ వెర్న్ సృష్టించిన జలాంతర్గామి నాయకుడు కెప్టెన్ నీమో అసలు బుందేల్‌ఖండ్ రాజకుమారుడనీ, 1857 తిరుగుబాటులో పోరాడాడనీ ‘ది మిస్టీరియస్ ఐలండ్’ చెబుతుంది. ఆంగ్లేయుల మీద అతని ఆగ్రహానికి ఆనాటి ఇంగ్లీషు అనువాదం నీళ్లు కలిపింది. ఎవరి కోసం చేసిన శుభ్రం అది? పుస్తకాలు తగలబెట్టే రాజ్యం గురించి అమెరికన్ రచయిత రే బ్రాడ్‌బరీ 1953లో ‘ఫారెన్‌హీట్ 451’ రాస్తే, 1967లో బడిపిల్లల కోసమంటూ ప్రచురణకర్తలే ఆయనకు చెప్పకుండా దానికి కత్తెర వేశారు. ఇంతకు మించిన వెటకారం నాకు చేతకాదు.

అయినా ఏ ప్రతి ఇవ్వాలన్న చర్చ ఎందుకు? మా శాఖా గ్రంథాలయంలో ఏ ప్రతీ లేదు. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఏటా ఠంచనుగా కడుతున్నాను. పుస్తకాలేవని అడిగితే పురపాలకుల నుంచి డబ్బు రాలేదంటారు. అక్కడికి వెళితే ఎప్పుడో పంపామంటారు. అట్టలూడిన పోటీ పరీక్షల గైడ్లు బల్ల మీద ఉంటాయి. నవలల బీరువాకు తాళం. తాళంచెవి ఉన్న ఉద్యోగి బదిలీ అయి రెండేళ్లయింది. వాటర్ కూలర్ ప్రారంభానికి మాత్రం నాయకులు వచ్చి ఫొటోలు దిగారు. అందులో ఇంకా నీళ్లు రాలేదు.

వ్యాసకర్తకు శుభ్రం చేయాలని అంత ఉబలాటంగా ఉంటే, ఆ బీరువా ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు