ఈ సూది రెండో బిడ్డ కోసం

చిరంజీవి చిన్నాకు,
అమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో కోడలి రక్తం గ్రూపు ఏ నెగటివ్ అని చెప్పి, "మొదటి కాన్పే కదా, ఏమీ కాదులే అమ్మా" అన్నావు. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను.

నాది ఓ నెగటివ్, మీ నాన్నది పాజిటివ్. మీ అక్క పాజిటివ్‌గా పుట్టింది. నా గ్రూపు కేసు కాగితం మీద రాసే ఉంది, అయినా యాంటీ-డి ఇంజెక్షన్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ మందు 1968 నుంచే వాడకంలో ఉందని తర్వాత తెలిసి ఎంత బాధపడ్డానో! కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. పాజిటివ్ రక్తం నెగటివ్ తల్లి ఒంటికి పరాయిది. దాని మీదికి ఆ ఒళ్లు యాంటీబాడీలను, అంటే పరాయి రక్తంతో పోరాడే పదార్థాలను, తయారు చేసుకోవచ్చు. ఒకసారి చేసుకుంటే ఇక ఎన్నటికీ మరిచిపోదు. అప్పటికే పుట్టేసింది కాబట్టి అక్కకు ఏమీ కాలేదు. నువ్వూ పాజిటివ్‌వే, ఆ యాంటీబాడీలు కడుపులోనే నీ రక్తం మీద పడ్డాయి. ఆ దెబ్బ నీకు తగిలింది.

పుట్టిన రోజు సాయంత్రానికే నీ కళ్లు పచ్చబడ్డాయి. కళ్లకు గంతలు కట్టి నీలి దీపం కింద పడుకోబెట్టారు. అది చాలలేదు, రక్తం మార్చాలన్నారు. మీ మేనమామదీ ఓ నెగటివే. రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చి ఇచ్చాడు. బొడ్డులో సన్నటి గొట్టం పెట్టి, సిరంజితో కొంచెం నీ రక్తం తీయడం, కొంచెం మామయ్య రక్తం ఎక్కించడం. తలుపు అద్దంలోంచి నీ అరికాళ్లు మాత్రమే కనిపించేవి. వాటినే చూస్తూ కూర్చున్నాను.

నా నుంచి నీకు ఒక నెగటివ్ జన్యువు వచ్చి తీరుతుంది. కాబట్టి మీ బిడ్డ పాజిటివ్ కావచ్చు, నెగటివ్ కావచ్చు, సగానికి సగం. ముందు కోడలికి, రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసే కూంబ్స్ పరీక్ష చేయించు. యాంటీబాడీలు లేకపోతే 28 వారాలకు, అవి పుట్టకుండా ఆపే యాంటీ-డి వేస్తారు. పుట్టగానే బిడ్డ గ్రూపు చూడమని నువ్వే అడుగు. పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మరో సూది పడాలి. యాంటీబాడీలు పుట్టాక ఈ మందు పనికిరాదు. మధ్యలో రక్తం కనిపించినా, పొట్టకు దెబ్బ తగిలినా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఇంతకుముందు గర్భం పోయి ఉంటే అదీ దాచకుండా చెప్పమను.

ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన ఈ మందు కోసం 2018 దాకా 1,173 సార్లు రక్తం, ప్లాస్మా ఇచ్చారు. 2025లో ఆయన పోయారని చదివి, ఎవరో సొంత మనిషి పోయినట్టు ఏడ్చాను.

ఇంకొకటి. అప్పట్లో నా రక్తమే చెడ్డదని చుట్టాలు అన్నారు. కోడలిని ఎవరైనా ఆ మాట అంటే నువ్వు ఊరుకోకు.

ఏ నెగటివ్, ఓ నెగటివ్ వాళ్లు ఎవరున్నారో ఇప్పుడే కనుక్కుని పెట్టుకో. మామయ్యకు చెప్పాను. "వాడి బిడ్డకు కూడా నేనే ఇస్తాను" అన్నాడు.

అమ్మ