మాకు కొత్త బోరు వద్దు: మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖ మంత్రి గారికి,

విషయం: కనిగిరి, పొదిలి ప్రాంత గ్రామాల్లో తాగునీటి బోర్లను ఇంకా లోతుగా వేయించడం ఆపి, ఆ డబ్బును చెరువులకు మళ్ళించడం గురించి.

అయ్యా, నమస్కారం.

బోరు కావాలని అడిగే అర్జీలు మీకు రోజూ వస్తూనే ఉంటాయి. ఇది వద్దని అడిగే అర్జీ. వేసవి ముదిరిందంటే మా ఊళ్ళలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పాత బోరు గాలి పోస్తుంది. సర్పంచి మండల కార్యాలయం చుట్టూ తిరుగుతారు. రిగ్గు లారీ వస్తుంది, ఎవరో పాయింటు చూస్తారు, కిందటిసారి కంటే మరిన్ని వందల అడుగులు దిగుతారు. నీళ్ళు పడితే కొబ్బరికాయ కొడతారు. ఎక్కువైతే పళ్ళను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడు ఆ నీటిలో ఎంతుందన్న ప్రశ్న మోటారు దించి, కుళాయిలు బిగించి, జనం తాగడం మొదలుపెట్టాక వస్తుంది. కొన్నిచోట్ల అప్పటికీ రాదు.

లోతుకు పోయేకొద్దీ నీరు శుభ్రమవుతుందని చాలామంది నమ్మకం. మురికి, సూక్ష్మక్రిముల మట్టుకు అది నిజమే. ఫ్లోరైడు విషయంలో మాత్రం మా నేలలో చాలాచోట్ల జరిగేది దానికి వ్యతిరేకం. ఎందుకో చెప్పడానికి కొంచెం స్థలం తీసుకుంటాను. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, వివరించకుండా ఉండలేను. మీ ఇంజనీర్లకు ఇదంతా తెలుసు, అయినా అంచనాల ఫైలులో దీనికి చోటు లేదు.

మా కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు జాతి గట్టిరాయి. అందులోని నల్ల అభ్రకం, అపటైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ బందీగా ఉంటుంది. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కాస్త కలుపుకొని నేల మీద పడుతుంది. అసలు బలం దానికి మట్టిలో వస్తుంది. వేళ్ళు, సూక్ష్మజీవులు ఊపిరి విడుస్తుంటాయి కాబట్టి మట్టి రేణువుల సందుల్లోని గాలిలో ఆ వాయువు బయటి గాలిలో కంటే పదుల రెట్లు ఉంటుంది. దాన్ని కలుపుకొన్న నీరు పలచని ఆమ్లమై రాతిని కొరుకుతుంది. సోడియం, కాల్షియం, బైకార్బొనేట్, వాటితోపాటు ఫ్లోరైడు నీటిలోకి దిగుతాయి. ఇంతవరకు భూమి మీద ఎక్కడైనా జరిగేదే. రాయి మట్టిగా మారేది కూడా ఇలాగే.

మా దగ్గర కథను మలుపు తిప్పేది ఎండ. ఏడాదికి కురిసే వాన తొమ్మిది వందల మిల్లీమీటర్ల లోపే. ఎండ, గాలి కలిసి ఆవిరి చేయగలిగింది అంతకంటే చాలా ఎక్కువ. నీరు ఆవిరైపోతుంటే దానిలోని కాల్షియం సున్నమై నేలలోనే పేరుకుంటుంది. చేను దున్నేటప్పుడు నాగటికి తగిలే తెల్లని గడ్డలు అవే. కాల్షియం నీటిలో తగినంత ఉన్నంతకాలం ఫ్లోరైడు ఒక హద్దు దాటదు, దాటితే రెండూ కలిసి గట్టిపడి నీటి నుంచి విడిపోతాయి. కాల్షియాన్ని పోగొట్టుకొని, సోడియంతో క్షారంగా మారిన నీటికి ఆ అడ్డు ఉండదు. అది రాతి పగుళ్ళలో ఎన్నేళ్ళు కూర్చుంటే అంత ఫ్లోరైడును కూడబెట్టుకుంటుంది. వందల అడుగుల లోతులో మనకు తగిలేది ఎక్కువగా అలాంటి పాత నీరే. పైపొరలో నిలిచిన ఈ ఏటి వాన నీటిని కేసింగ్ పైపుతో మూసేసి మరీ దాన్ని తోడుకుంటున్నాం.

ఇది నిన్నా మొన్నా బయటపడిన సంగతి కాదు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరైడు వల్ల వచ్చే ఎముకల జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, నమోదు చేశారు. మన దేశంలో ఈ జబ్బును గుర్తించిన తొలి వైద్య నివేదికల్లో అదొకటి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి ఆ నెల్లూరు జిల్లాలోనివే. నల్గొండ పేరు దేశమంతా మోగింది, మా పేరు మోగలేదు. అందులో మాకు ఈర్ష్యపడవలసింది ఏమీ లేదనుకోండి. కానీ జిల్లా సరిహద్దులు మారాయి, ప్రభుత్వాలు మారాయి, పళ్ళ మీద గోధుమరంగు గార మాత్రం మా పిల్లలకు ఇంకా వస్తోంది. చిగుళ్ళ కింద పళ్ళు తయారయ్యే వయసులో తాగిన నీటి గుర్తు అది. తర్వాత ఎంత మంచి నీళ్ళు తాగినా పోదు. పెద్దల్లో అదే ఫ్లోరైడు వెన్నెముకను, కీళ్ళను బిగదీస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే గత్యంతరం లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది.

దీనికి ఊరూరా కనిపిస్తున్న జవాబు శుద్ధి నీటి ప్లాంటు. నాణెం వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. దాని వల్ల మేలు లేదనను, మా ఇంట్లో తాగేదీ ఆ నీళ్ళే. కానీ ప్లాంటు వెనక్కి వెళ్ళి చూడండి. వడపోతలో మిగిలిన నీరు, అంటే ఫ్లోరైడు మరింత చిక్కబడిన నీరు, ఒక పైపు గుండా పక్క కాలువలోకి పోతుంటుంది. అది ఇంకేది మా నేలలోకే, దాని పక్కనే ఊరి బోరు. ఆ పైపు ఏ శాఖ కిందికి వస్తుందని అడిగితే నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇక చెరువులు. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్రాక్టరు ట్యాంకరుతో ఎనిమిది ట్రిప్పులు. వేసవిలో ఆ ట్యాంకర్లకు బిల్లులు కట్టేది మీ శాఖే, ఆ వానను వాగులో పడి పోనిచ్చేదీ మనమే. పూర్వులు పోనివ్వలేదు. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. సన్మానం పెద్ద చెరువుకు జరిగింది, సంతోషం. ఊరి చెరువుల గతి వేరు. వాటిలోకి నీరు తెచ్చే వరద కాలువలు రోడ్ల కింద, ప్లాట్ల కింద పూడిపోయాయి. చెరువు కడుపు నిండా చిల్లచెట్లే. గుట్టల మీద చెట్టు పోయాక మట్టి కొట్టుకొచ్చి పూడిక పెరిగింది. ఆ చెట్లలో కొన్ని పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల పొయ్యిల్లోకి పోయాయి. పొగాకు రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆకు కాల్చడానికి కట్టె కాక ఇంకేం వాడాలో అతనికి చేతికందేలా చూపించినవాళ్ళు తక్కువ.

చెరువు నిండితే కట్ట కింది పాత బావుల్లో ఊట పెరుగుతుంది, రాతి పగుళ్ళలోకి కొత్త నీరు దిగి ఫ్లోరైడు పలచబడుతుంది. తీసిన పూడికను ఎర్ర చేలకు తోలితే ఆ మట్టి వాన నీటిని పట్టి ఉంచుతుంది. అయితే పూడిక తీయగానే ఫ్లోరైడు మాయమవుతుందని నేను మాట ఇవ్వను. ఎండకు నేలలో పేరుకున్న లవణాలు తొలి వానలకు కిందికి దిగి, కొన్ని బావుల్లో ఫ్లోరైడు పెరగనూ వచ్చు. అందుకే వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి అదే బావిలో, అదే బోరులో పరీక్ష జరగాలి. ఫలితం పంచాయతీ గోడ మీద అంకెల్లో ఉండాలి. ‘తాగుటకు యోగ్యము’ అన్న ముద్ర మాకు చాలదు.

వెలిగొండ ప్రాజెక్టు వస్తుంది కదా అంటారు. రావాలి. కృష్ణ నీటికోసం మా పశ్చిమ ప్రాంతం 1996 శంకుస్థాపన నాటి నుంచి ఎదురుచూస్తోంది. ఆ నీరు కుళాయికి చేరినా పశువులు, పంటలు, మోటారు చెడిన రోజున మనుషులు ఆధారపడేది ఈ భూగర్భ జలం మీదే.

కొత్త చట్టమేమీ అక్కర్లేదు. 2002లోనే నీరు, భూమి, చెట్లను కలిపి ఒకే వాల్టా చట్టం తెచ్చుకున్నాం. కార్యాలయాల్లో మాత్రం బోరు ఒకరిది, చెరువు ఒకరిది, గుట్ట ఒకరిది, చేను ఇంకొకరిది. మీ చేతిలో ఉన్న శాఖతోనే మొదలుపెట్టవచ్చు. మా మండలాల్లో కొత్త తాగునీటి బోరు మంజూరు పత్రం మీద మూడు గడులు చేర్చండి: పక్క బోర్ల ఫ్లోరైడు ఎంత, ఆ ఊరి చెరువు వరద కాలువ తెరిచి ఉందా మూసుకుపోయిందా, శుద్ధి ప్లాంటు వదిలే నీరు ఎక్కడికి పోతోంది. మూడూ నింపనిదే సంతకం పెట్టవద్దని ఆదేశించండి. పాలేరు వాగు వెంబడి ఒక గొలుసు చెరువులను ఎంచుకొని, గుట్ట మొదలు చివరి అలుగు దాకా ఒకే అంచనాగా, ఒకే అధికారి బాధ్యతలో పని చేయించండి. వరద కాలువలు అక్టోబరులో ఈశాన్య వానలు మొదలయ్యేలోగా తెరుచుకోవాలి, కాబట్టి సర్వేయర్లను వేసవిలోనే పంపండి. పాత పటాలు రెవెన్యూ కార్యాలయంలో ఉంటాయి. కాలువ ఎక్కడుండేదో చూపించే ముసలివాళ్ళు ఊళ్ళలో ఇంకా ఉన్నారు.

ఇట్లు,
కనిగిరి ప్రాంతానికి చెందిన ఒక సైన్సు ఉపాధ్యాయుడు