ఆదివారం కార్యక్రమం: బుర్రకథ పెడదామా?

అందరికీ నమస్కారం. నిన్న మీటింగ్‌లో బుర్రకథ అనగానే కొందరు "పాతకాలం వ్యవహారం కదండీ" అని నవ్వారు, అందుకే ఈ మెసేజ్. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి (కమ్యూనిస్టుల కళాబృందం) ఊరూరా తిరిగి జనాన్ని కదిలించింది ఎక్కువగా దీనితోనే. పేరున్న బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ గారు తంబురా పట్టుకుని, వేలికి గలగలమనే అందెలు పెట్టుకుని చెబుతుంటే ఊరంతా కూర్చుని వినేదట. ఆ రోజుల్లో ప్రభుత్వాలు బుర్రకథను నిషేధించాయి కూడా. ఒక తంబురా, రెండు డక్కీలు (చిన్న డోళ్లు), ముగ్గురు మనుషులు, అంతే కదా, దానికి అంత భయపడ్డారంటే చూడండి! అదే నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

నాకు బాగా నచ్చేది వంతల పద్ధతి. మధ్యలో కథకుడు పాత కథే చెబుతుంటాడు, అటూ ఇటూ ఉన్న ఇద్దరే వంతలు, వాళ్లలో ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. కథ ఆపి, మన ఊళ్లో రేషన్ సంగతేంటి అని అడిగేస్తాడు ఆ రాజకీయం వంత, జనం ఎదురుచూసేది దానికోసమే.

మన కాలనీ నీళ్ల గొడవ ఆ వంత నోట పెడదాం. కథకుడిగా ఎవరు? డక్కీ వాయించేవాళ్లు తెలిస్తే రాత్రిలోపు చెప్పండి, తంబురా నేను తెస్తా.