మీ కెనడా పెద్దాయన ప్రశ్న

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ మొన్న రాత్రి చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాయడానికి కూర్చున్నా. మీ ఆఫీసులో ఆ కెనడా పెద్దాయన "మేమిచ్చిన రియాక్టర్‌తో మీరు బాంబు చేశారు" అన్నారని, నీకు నోట మాట రాలేదని రాశావు. చదివి నా మనసు కూడా చివుక్కుమంది. ఎందుకంటే, ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదురా.

మీ ఒంటారియోలోనే చాక్ రివర్ అని ఊరుంది కదా, అక్కడి ఎన్‌ఆర్‌ఎక్స్ రియాక్టర్ నమూనాతోనే ముంబై దగ్గర ట్రాంబేలో సైరస్ అనే రియాక్టర్ కట్టారు. ఒప్పందం 1956లో కుదిరింది. రియాక్టర్ కెనడాది, అందులో వాడే భారజలం, అంటే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు, అమెరికాది. 1960 జులైలో మొదలైంది. అణు కేంద్రాల్ని తనిఖీ చేసే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పుట్టిందే 1957లో. అందుకని సైరస్‌కి తనిఖీలూ సీళ్లూ ఏవీ లేవు. శాంతియుత ప్రయోజనాలకే వాడతామని మనవాళ్లు ఇచ్చిన మాట ఒక్కటే ఉంది.

అసలు మలుపు రియాక్టర్ దగ్గర లేదు, దాని పక్కన కట్టిన ఇంకో ప్లాంటులో ఉంది. మామూలు యురేనియం రియాక్టర్‌లో కొంతకాలం ఉంటే అందులో కాస్త, బాంబుకి పనికొచ్చే ప్లుటోనియంగా మారుతుంది. వాడేసిన కడ్డీలను ఆసిడ్‌లో కరిగించి ఆ ప్లుటోనియాన్ని విడదీసే ప్లాంటుని మనవాళ్లు 1964లో ట్రాంబేలోనే నడిపించారు. అదే ఏడాది అక్టోబర్‌లో చైనా బాంబు పేల్చింది. 62 యుద్ధంలో ఓడి రెండేళ్లే అయింది. అప్పుడు ఢిల్లీలో ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకో. తర్వాత 1968లో ఎన్‌పీటీ, అంటే అణ్వాయుధాలు వ్యాపించకుండా చేసుకున్న ఒప్పందం, వచ్చింది. 1967 జనవరి 1కి ముందే పేల్చినవాళ్ల దగ్గర బాంబులు ఉండొచ్చు, మిగతావాళ్లు మాత్రం తలుపులన్నీ తెరిచి చూపించాలన్నారు. మనం సంతకం పెట్టలేదు. అది సరైన పనేనని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

కానీ సైరస్ సంగతి వేరు. 1971లో అప్పటి కెనడా ప్రధాని పియరీ ట్రూడో ఇందిరా గాంధీకి ఉత్తరం రాసి ముందే హెచ్చరించాడు, పేలుడు జరిపితే మా సహకారం గురించి మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుందని. అయినా 1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చినప్పుడు లోపల ఉన్నది సైరస్ ప్లుటోనియమే. దాన్ని "శాంతియుత అణు పేలుడు" అన్నాం. ఒప్పందంలో పేలుడు వద్దని రాసి లేదు కదా అని మనవాళ్ల వాదన. కాగితం మీద ఆ వాదన నిలుస్తుందేమో గానీ, స్నేహంగా ఇచ్చినవాడి ముఖం చూసి ఆ మాట అనగలమా? నేనైతే అనలేను. 1985లో అదే ట్రాంబేలో ధ్రువ రియాక్టర్ సొంతంగా కట్టుకున్నాం. మొదట్లో ఇంధన కడ్డీలు కంపిస్తుంటే ఆపి, సరిచేసి, పూర్తి శక్తికి తెచ్చేసరికి 1988 అయింది. ధ్రువ విషయంలో మనం ఎవరికీ మాట ఇవ్వలేదు. ఆ పదకొండేళ్లు ఆగి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. ఈ మాట అంటే మా ఇంట్లోనే గొడవవుతుంది, తెలుసు.

1974 తర్వాత కెనడా తప్పుకుంది. రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో వాళ్ల సాయంతో కడుతూ సగంలో ఉన్న రెండో రియాక్టర్‌ని మనవాళ్లే 1981లో పూర్తి చేశారు. మన పేలుడు చూసే సరఫరా దేశాలన్నీ కలిసి ఒక కూటమి కట్టాయి. మహారాష్ట్రలోని తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి ఇంధనం పంపడానికి అమెరికా వెనకాడింది. ఆ కష్టకాలంలో భారం మన ఊళ్ల మీద కూడా పడిందిరా. మణుగూరులో గోదావరి నీటి నుంచి భారజలం తీశారు. మామూలు నీటిలో ఆరేడు వేల హైడ్రోజన్ అణువులకి ఒక్కటి ఆ బరువుది ఉంటుంది, దాన్ని ఏరాలి. మా ఏఎస్ రావు నగర్‌కి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావుగారు పెట్టిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, రియాక్టర్లకి కంట్రోల్ పరికరాలు చేసింది.

మా బాబాయ్ ఇక్కడి హైదరాబాద్‌లో రియాక్టర్ల ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో పనిచేసేవాడని నీకు గుర్తుందిగా. ఇంట్లో పని గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం ఎగ్జిబిషన్‌లో ఉత్త ఇంధన కట్ట నమూనా చూపించాడు. అరమీటరు పొడుగు, 19 సన్నటి గొట్టాలు, రెండు చివర్లా పళ్లేల్లాంటి రేకులకి అతికి ఉన్నాయి. ఆ గొట్టాల్లో నల్లటి బిళ్లలు వరసగా పేరుస్తారట. అతుకు మీద వేలితో రాసి "చూడరా, ఎక్కడా గరుకు తగలదు" అన్నాడు. మాకు ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాం అన్న గర్వం ఆ వేలిలో ఉంది. నేను అది మర్చిపోలేను.

ఆ కాంప్లెక్స్ ప్రహరీ లోపలే, తారాపూర్ కోసం ఎన్‌రిచ్డ్ (శుద్ధి పెంచిన) యురేనియంతో ఇంధనం చేసే చోట విదేశీ తనిఖీదార్లు వచ్చి లెక్క చూసేవాళ్లు. పక్కన మన సొంత రియాక్టర్ల ఇంధనం దగ్గరికి వాళ్లకి ప్రవేశం ఉండేది కాదు. ఒకే గోడ లోపల రెండు దేశాలున్నట్టు!

ఇంత నేర్చుకున్నా యురేనియం చాలలేదు. 2007-08 నాటికి ఇంధనం లేక రియాక్టర్లు దాదాపు సగం శక్తితో నడిచాయి. అమెరికాతో ఒప్పందం, 2008 సెప్టెంబర్‌లో మనకి అమ్మొచ్చని ఆ సరఫరా దేశాల కూటమి ఇచ్చిన మినహాయింపు అందుకే వచ్చాయి. 22 రియాక్టర్లలో 14 తనిఖీ కిందికి తెస్తామని ఒప్పుకున్నాం. సైరస్‌ని 2010 డిసెంబర్ 31న శాశ్వతంగా మూసేశారు.

పెద్దాయనకి ఇదంతా చెప్పు. ఆయన కోపం న్యాయమైందేనని ముందు ఒప్పుకో, తర్వాత మన పక్షం చెప్పు. ఇంకో ముక్క కూడా చెప్పు. 2015లో కెనడా మళ్లీ మనకి యురేనియం అమ్మడానికి ఒప్పుకుంది. సస్కాచెవాన్ గనుల సరుకు మా ఇంటికి రెండు కిలోమీటర్ల అవతల ఉన్న ఆ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌కి వచ్చింది, అంతర్జాతీయ తనిఖీ లెక్కల కింద. ఆయన ఏమన్నారో నాకు తప్పకుండా రాయి. పిల్లలకి ముద్దులు, చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ,
రవి