కాళ్లు తేలితే చేతులకు పని తగ్గుతుంది

అమ్మలూ,

ఫ్రీస్టైల్ ఈదేటప్పుడు తొడల మధ్య పుల్‌బాయ్ పెట్టుకుంటే హాయిగా సాగిపోతున్నాను, తీసేస్తే రెండో లెంగ్తుకే ఆయాసం వస్తోంది, చేతుల్లో బలం చాలడం లేదేమో, జిమ్‌లో చేరనా అని అడిగావు. చేరితే చేరు, మంచిదే. కానీ ఈ రోగానికి మందు అక్కడ దొరకదు. తొడల మధ్య ఆ ఫోమ్ ముక్క ఉన్నా లేకున్నా నీ చేతులు అవే కదా! అది ఉన్నప్పుడు తుంటి పైకి తేలుతోంది, తీసేయగానే కాళ్లు దిగబడి నీటికి అడ్డం పడుతున్నాయి. నువ్వు అలిసిపోతున్నది ఆ అడ్డాన్ని ఈడ్చలేకే.

నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగింతలు, దాన్ని నెట్టుకుపోవడానికి ఖర్చయ్యే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. పది శాతం వేగం పెంచుకోవాలన్నా మూడో వంతు ఎక్కువ శక్తి కావాలి. అంత కండ పెంచడం ఎంత కష్టమో ఆలోచించు. అదే ఒళ్లు నీటి మీద సమంగా పరుచుకుంటే, ఎదురుగా వచ్చే నీటికి నీ తల, భుజాలు మాత్రమే తగులుతాయి. తుంటి, తొడలు వాటి చాటున వచ్చేస్తాయి. ఇక చర్మానికి నీరు రాసుకోవడం వల్ల కలిగే నిరోధం మనలాంటివాళ్ల వేగాల్లో చాలా చిన్నది, దాని గురించి బెంగ వద్దు. వదులుగా, నీళ్లు నింపుకొనే కాస్ట్యూమ్ మాత్రం వేసుకోకు.

అసలు కాళ్లెందుకు మునుగుతాయంటే, ఊపిరితిత్తుల్లో గాలి ఉంది కాబట్టి నీరు మనల్ని ఛాతీ దగ్గర పైకి నెడుతుంది. శరీరం బరువు మాత్రం అంతకన్నా కిందికి, తుంటి వైపు కేంద్రీకృతమై ఉంటుంది. త్రాసు ముల్లు ఛాతీలో ఉండి, ఒక పళ్లెంలో తల, ఇంకో పళ్లెంలో కాళ్లు పెట్టినట్టు అనుకో. తల ఎత్తితే కాళ్ల పళ్లెం దిగాల్సిందే. రేపు ఒక చిన్న పరీక్ష చెయ్యి. నిండా ఊపిరి తీసుకుని, ముఖం నీళ్లలో పెట్టి, చేతులు తొడల పక్కన ఉంచి కదలకుండా తేలు. కాళ్లు దిగిపోతాయి. మళ్లీ అదే పని చేతులు తలకు మించి ముందుకు చాచి చెయ్యి. ఈసారి మెల్లగా దిగుతాయి, ఎందుకంటే చేతుల బరువు తల పక్కకు చేరింది. తన్నకుండా ఇంత మార్పు వచ్చిందంటే, చాచిన చెయ్యి ఎంత విలువైనదో తెలుస్తుంది. ఇందులో నీకు కొంత కలిసొచ్చే సంగతీ ఉంది: సాధారణంగా ఆడపిల్లల కాళ్లు మగపిల్లల కాళ్లకన్నా బాగా తేలతాయి. మీ అన్నయ్య ఇదే పరీక్ష చేస్తే రాయిలా నిలువునా దిగుతాడు.

ఇక తల. చూపు నేరుగా అడుగున ఉన్న నల్లగీత మీద, లేదా ఒక అర మీటరు ముందుకు ఉండాలి. మెడ వెనక ముడతలు పడకూడదు. అలాగని గడ్డం రొమ్ముకు ఆనించకు, అప్పుడు నీరు నడినెత్తి మీద గుద్దుకుంటుంది, ఊపిరికి తిరగడమూ కష్టమవుతుంది. మన ఊళ్లలో బావుల్లో, కాలవల్లో నేర్చుకున్నవాళ్లు తల పైకెత్తి బారలు వేస్తారు. ఎదురుగా ఏముందో చూసుకోవాలి కాబట్టి అక్కడ అది తప్పు కాదు. తేటనీళ్ల పూల్‌లో, గీతలున్న లేన్‌లో ఆ అవసరం లేదు. తల కుదిరాక రొమ్మును కొంచెం కిందికి ఒత్తు, బొడ్డును లోపలికి పట్టు. నడుము విల్లులా వంచితే మాత్రం కాళ్లు మళ్లీ దిగుతాయి.

తుంటి కొంచెం పైకి తేలితే ఎంత లాభమో ఈత పోటీల చరిత్రే చెబుతుంది. 2009లో రోమ్ ప్రపంచ పోటీల్లో పాలియురెథేన్ సూట్లు వేసుకున్న ఈతగాళ్లు 43 ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టారు. ఆ సూట్లు ఒంటిని బిగించి, కొంత తేలేటట్టు కూడా చేసేవి. 2010 జనవరి 1 నుంచి వాటిని నిషేధించారు. ఆ పోటీల్లో పాల్ బీడర్‌మన్ 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో పెట్టిన 3:40.07 రికార్డు 2025 దాకా నిలిచింది. ప్రపంచంలో అందరికన్నా బాగా ఈదేవాళ్లకే అంత తేడా వచ్చిందంటే, కాళ్లు రెండు జానల లోతున ఈడుస్తున్న నీకు మిగిలేది ఇంకెంతో లెక్కేసుకో.

నిజానికి అందరి ఈత చెడేది ఊపిరి దగ్గరే, కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టు. నీళ్లలో ముఖం ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో గాలి వదులుతూనే ఉండాలి. బిగబట్టి ఉంచుకుంటే, పక్కకు తిరిగిన క్షణంలో ముందు వదలాలి, తర్వాత పీల్చాలి. రెండు పనులకు సమయం చాలదు, అందుకే తెలియకుండానే తల ఎత్తేస్తావు. ఎత్తగానే తుంటి దిగుతుంది. తలను ఒంటితోపాటు దొర్లించు. ఒక కన్ను గాగుల్ నీళ్లలోనే ఉండాలి. ముందుకు కదులుతున్నప్పుడు తల పక్కన నీటిలో చిన్న గుంట ఏర్పడుతుంది, నోరు అక్కడికి చేరితే చాలు. ఇంకో మోసం కూడా ఇక్కడే జరుగుతుంది: ఊపిరి తీసుకునేటప్పుడు ముందున్న చెయ్యి ఊతం కోసం నీటిని కిందికి నొక్కుతుంది. అలా నొక్కితే తల లేస్తుంది, కాళ్లు దిగుతాయి. నోరు నీళ్లలోకి తిరిగి వచ్చేదాకా ఆ చేతిని ఒక జాన లోతున చాచి ఉంచు. అభ్యాసానికి: ఒక చెయ్యి ముందుకు, రెండోది తొడ మీద పెట్టి పక్కకు తిరిగి ఆరు తన్నులు, మూడు బారలు, మళ్లీ రెండో పక్కన ఆరు తన్నులు. 25 మీటర్ల చొప్పున నాలుగుసార్లు.

తన్ను తుంటి నుంచి మొదలవ్వాలి. మోకాలు కొద్దిగా వంగుతుంది, అంతే. సైకిలు తొక్కినట్టు తన్నితే తొడ ముందుకు వచ్చి నీటిని అడ్డగిస్తుంది. రెండు పాదాల మధ్య ఎడం ఒక అడుగు దాటొద్దు. పాదం బాలె నర్తకిలా చాచి ఉండాలి కానీ బిగుసుకుపోకూడదు. చీలమండ వంగకపోతే, కిక్‌బోర్డు, అంటే చేతులతో పట్టుకునే తేలే పలక, పట్టుకుని ఎంత తన్నినా ముందుకు కదలవు. ఇంట్లో రోజూ రెండు నిమిషాలు వజ్రాసనం వేయి, పాదం పైభాగం సాగుతుంది. మోకాలు నొప్పెడితే ఆపేయి. కిక్‌బోర్డు పట్టుకుని తల ఎత్తి ఈదే అలవాటు మాత్రం మానుకో, మనం వదిలించుకోవాలనుకున్న భంగిమనే అది నేర్పుతుంది. బోర్డు లేకుండా చేతులు చాచి తన్ను.

నీ కాళ్లు కత్తెరలా విడిపోతున్నాయంటే తప్పు కాళ్లది కాకపోవచ్చు. చెయ్యి తల ముందు నడిగీత దాటి పడితే తుంటి పాములా వంకర తిరుగుతుంది, దాన్ని సర్దుకోవడానికే కాళ్లు చాచుతాం. చెయ్యి భుజానికి సూటిగా నీళ్లలో దిగాలి. మొదట్లో మరీ వెడల్పుగా పెడుతున్నట్టు అనిపిస్తుంది, ఫర్వాలేదు.

గోడ తన్నుకుని బయలుదేరేటప్పుడు ఒక అరచేతి మీద ఇంకోటి పెట్టి, చేతులతో చెవులు నొక్కి, అర మీటరు లోతున జారు. పైన ఉంటే అలలు లేపడానికే సగం ఊపు పోతుంది.

బాగుపడుతున్నావా లేదా అన్నది 25 మీటర్లకు పట్టిన సెకన్లు, వేసిన బారలు కూడి చూసుకో. 30 సెకన్లు, 24 బారలు అయితే 54. ఆ మొత్తం తగ్గాలి. బారలు తగ్గించాలని మధ్యలో జారుతూ ఆగిపోతే సెకన్లు పెరుగుతాయి, లెక్క అక్కడికక్కడే సరిపోతుంది.

ఇవన్నీ ఒకేరోజు మొదలుపెట్టకు. మొదటి వారం తల, ఊపిరి మాత్రమే. తర్వాత చెయ్యి, ఆ తర్వాత తన్ను. పూల్‌లో దిగగానే మొదటి ఇరవై నిమిషాల్లోనే ఈ పని చెయ్యి, అలిసిన ఒళ్లు పాత అలవాటుకే పోతుంది. పుల్‌బాయ్ వారానికి ఒక్కరోజు చాలు.

ఇట్లు,
నాన్న