మూడో తరగతి పిల్లల ముందుపళ్లు చూడండి

సంపాదకుల వారికి,

నల్లగొండ బోరు నీళ్ల జోలికి రాని శాస్త్రం లేదు. గ్రానైటు రాళ్లలోని బయోటైట్, హార్న్‌బ్లెండ్, అపటైట్ ఖనిజాల నుంచి, పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎట్లా దిగుతుందో భూగర్భశాస్త్రం వాళ్లు లెక్కలు కట్టారు. దాన్ని తీసేసే దారులు రసాయనశాస్త్రం వాళ్లు వెతికారు. డాక్టర్లు ఎముకలు చూశారు. పోషకాహార శాస్త్రజ్ఞులు జొన్నగటక దాకా వచ్చారు. ఇంతమంది ఇన్నేళ్లు పనిచేసినా వాళ్ల కాగితాలు ఒకదాన్నొకటి పలకరించుకోవు. భూగర్భశాస్త్రం థీసిస్‌లో బోరు లోతు ఉంటుంది, ఆ నీళ్లు తాగిందెవరో ఉండదు. వైద్య వ్యాసంలో మోకాలి ఎక్స్‌రే ఉంటుంది, ఆ మనిషి చిన్నప్పుడు ఏ బాయి నీళ్లు తాగాడో ఉండదు. బడి రిజిస్టరులో హాజరు ఉంటుంది, నీళ్ల ఊసే ఉండదు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం, రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉన్నాయి. వీటి మధ్య బస్సులో ఒక పూట ప్రయాణం. ఈ లోటు పూడ్చడానికి కొత్త భవనం అక్కరలేదు.

శాస్త్రాలు కలిస్తే ఏమొస్తుందో మన జిల్లాలోనే ఒకసారి కనబడింది. మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లలో ఫ్లోరైడ్ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి 1937లో వ్యాసం వచ్చింది. నల్లగొండ జిల్లాలో ఎముకలు గట్టిపడి వెన్ను వంగిపోయిన రోగుల గురించి 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్‌లో ఇంకో రూపం చూపించారు: మోకాళ్లు రాసుకుంటూ మడమలు ఎడమైపోయిన కాళ్లు, పైగా ఎముక గుల్లబారడం. అదే ఫ్లోరైడ్ ఇక్కడ కాళ్లను ఎందుకిట్లా వంచుతోందన్న ప్రశ్నకు జవాబు ఆసుపత్రిలో దొరకలేదు. నాగార్జునసాగర్ నీళ్లు వచ్చాక చుట్టుపక్కల నేల అడుగున నీటిమట్టం పెరిగింది, దాంతో జొన్నలోకి మాలిబ్డినం ఎక్కువగా ఎక్కింది, అది ఒంట్లోని రాగిని తగ్గించింది అని వాళ్లు వాదించారు. జొన్న తినేవాళ్ల ఒంట్లో వరి తినేవాళ్లకంటే ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని అదే సంస్థ మరో అధ్యయనంలో చూపింది. ఆనకట్ట, నేల, పంట, ఎముక: నాలుగు శాఖలు ఒకే మడికట్టులో దిగితే తప్ప ఆ గొలుసు ఎవరికీ కనబడేది కాదు. ఆ వాదనను ఒప్పుకోవాలా వద్దా అన్నది వేరే సంగతి.

చింతపండు ముచ్చట కూడా అట్లాంటిదే. 2002లో అచ్చయిన అదే సంస్థ అధ్యయనంలో 18 మంది బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెడితే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మన ఇళ్లలో పులుసు లేని పూట ఉండదు కాబట్టి ఇది బాగా ప్రచారమైంది. కానీ 18 మందితో, 18 రోజులతో తేలింది ఒక సూచన మాత్రమే. చారు తాగితే ఫ్లోరైడ్ పోతుందని చెప్పుకుని బోరు నీళ్లే తాగడం ప్రమాదం.

ఇక పేరు మనది, పుట్టుక నాగపూర్‌ది అయిన ‘నల్లగొండ పద్ధతి’. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి 1970లలో నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన ఈ పద్ధతిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వరసగా వేసి పది నిమిషాలు మెల్లగా కలుపుతారు, గంటసేపు కదపకుండా తేరనిస్తారు, పైన తేట నీళ్లు వంచుకుంటారు. పటిక ఎంతన్నది ఫ్లోరైడ్‌ను బట్టే కాదు, నీళ్ల క్షారతను బట్టి కూడా ఉంటుంది. పరీక్షలో లీటరుకు 500 మిల్లీగ్రాములని తేలితే 40 లీటర్ల బకెట్‌కు 20 గ్రాముల పటిక, అందులో ఇరవయ్యో వంతు, అంటే 1 గ్రాము సున్నం. పక్కింటి బోరుకు సరిపోయిన కొలత మన బోరుకు సరిపోదు. క్షారత తక్కువున్న నీళ్లలో పటిక ఎక్కువైతే నీళ్లు పులిసి అల్యూమినియం కరిగి ఉండిపోతుంది. గుండ్రంగా గట్టిగా తిప్పితే తెల్లటి తునకలు విరిగి అడుక్కు చేరవు. అడుగున పేరుకున్న మడ్డిని బాయి గట్టున పారబోస్తే తీసిన ఫ్లోరైడ్ వాన నీళ్లతో తిరిగి బాయిలోకే వస్తుంది.

ఈ పద్ధతిని పరీక్షించడంలో ఒక తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంది. స్పాడ్‌న్స్ (SPADNS) అనే ఎర్ర రంగు పరీక్షలో ఫ్లోరైడ్ ఎంతుంటే రంగు అంత వెలవాలి. పటిక వేసిన నీళ్లలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూర్చుంటుంది, రంగు వెలవదు. యంత్రం తక్కువ అంకె చూపిస్తుంది. పటికతో ముడిపడిన ఫ్లోరైడ్ మాత్రం గ్లాసులోనే ఉంటుంది. అట్లాంటి నీళ్లను ముందు స్వేదనం చేసి కొలవాలి, లేదా ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలవాలి. ఎలక్ట్రోడ్‌కు నమూనాతో సమానంగా టైసాబ్ ద్రావణం కలపాలి, ముడిని విప్పేది అదే. 1, 10 మిల్లీగ్రాముల ప్రమాణ ద్రావణాలతో సరిచూసుకుంటే రెండింటి మధ్య తేడా 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టుల వరకు రావాలి. 54 కూడా రాకపోతే ఎలక్ట్రోడ్ ముసలిదైందని గుర్తు. ఏప్రిల్ ఎండలో జీపు మీద పెట్టి కొలిచి, ఏసీ గదిలో తయారైన లెక్కతో పోల్చడం ఇంకో పొరపాటు. ఇవేవీ రాయకుండా ‘ఫ్లోరైడ్ 0.8’ అని ముగించిన వ్యాసాన్ని మేము నమ్మం.

ఇప్పుడు మిషన్ భగీరథ తాగునీటి పథకం నల్లా ఇంటింటికీ వచ్చింది, కృష్ణా నీళ్లు తాగుతున్నాం, ఇంక ఫ్లోరైడ్ పరిశోధన ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. నల్లా రావడం ఒక సంగతి, రెండేళ్ల పిల్ల ఏ నీళ్లు తాగిందన్నది ఇంకో సంగతి. చేను కాడ బోరు నీళ్లే, మోటారు చెడిన రోజుల్లో బోరు నీళ్లే. క్యాన్ నీళ్ల ప్లాంట్లు కొన్నిటికి ఆధారం బోరే. వాటిని టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) కొలిచే పెన్నుతో పరీక్షించి ‘మంచివే’ అంటుంటారు. 600 టీడీఎస్‌లో 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఆ పెన్నుకు కనబడనే కనబడదు. భారత ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. ప్లాంటు వాళ్లు వదిలేసే మిగులు నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉండి పక్క కాలువలో ఇంకుతుంది.

నీళ్లు నిజంగా మారాయా లేదా అన్నది పంటి మీద రాసి ఉంటుంది. పై ముందుపళ్ల ఎనామెల్‌కు ఫ్లోరైడ్ బాగా తగిలేది పిల్లలకు సుమారు 15 నుంచి 30 నెలల వయసులో. ఆ పళ్లు బయటికొచ్చేది ఏడు, ఎనిమిదేళ్లకు. అంటే ఈరోజు మూడో తరగతి పిల్ల ముందుపన్ను ఆరేళ్ల కిందటి నీళ్ల లెక్క, అదే బడిలో పదో తరగతి పిల్లవాడిది పదమూడేళ్ల కిందటిది. ఒకే ఊళ్లో, ఒకే పొద్దున ముందూ వెనకా రెండూ చూడొచ్చు. మూత్రం ఈ నాలుగు రోజుల సంగతి చెబుతుంది, ఎముక బతుకంతా చెబుతుంది, పన్ను మాత్రం తేదీ వేసి చెబుతుంది.

చూసే తీరు ఉంది. వరండాలో పగటి వెలుతురులో పిల్లను కూర్చోబెట్టి, గాజుగుడ్డతో పన్ను తుడిచి, మచ్చల తీవ్రతను బట్టి వేసే డీన్ వర్గాల ప్రకారం రాయాలి. ఫ్లోరోసిస్ మచ్చ జంట పళ్ల రెండిటి మీదా ఒకే తీరుగా, అడ్డంగా సున్నపు గీతల్లా ఉంటుంది. ఒక్క పన్ను మీదే మచ్చ ఉంటే దెబ్బో, పాలపన్నుకు చీము పట్టడమో కారణం అయుండొచ్చు. గోధుమ రంగు గార పన్ను వచ్చాక ఏళ్లు గడిచేకొద్దీ పట్టేది కాబట్టి, రెండు తరగతులనూ పోల్చేటప్పుడు గారను వదిలి తెల్ల గీతలనే లెక్కపెట్టాలి. లేదంటే పెద్ద పిల్లల్లో జబ్బు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, తల్లిని ఒక ప్రశ్న అడగాలి: పిల్లకు రెండేళ్లప్పుడు మీరెక్కడున్నారు? పాలమూరు కూలీల పిల్లలు ఆ వయసులో ముంబైలోనో పుణేలోనో ఉండి ఉంటారు, మొదటి కాన్పు పిల్లలు అమ్మమ్మ ఊళ్లో ఉండి ఉంటారు. ఈ ప్రశ్న అడగని సర్వేలో ఊరి పేరుకు అర్థం లేదు.

చదువు సంగతికి వస్తే, నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల ఐక్యూ తక్కువగా ఉండడంతో సంబంధం కనిపిస్తోందని, ఆ మాట మీద ఓ మోస్తరు నమ్మకం ఉందని అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2024లో చెప్పింది. దాన్ని పట్టుకుని నల్లగొండ పిల్లలను తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. రక్తహీనత, అయోడిన్, సీసం, పుట్టిన బరువు, తల్లి చదువు కొలవకుండా, పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ కొలవకుండా, ఊరి బోరు అంకెను, పరీక్ష మార్కులను పక్కపక్కన పెట్టే థీసిస్‌లు రాకూడదు. ఈ పని విద్యాశాఖ, వైద్యశాఖ, నీళ్లు పరీక్షించే ల్యాబు కలిసి చేయాల్సిందే. ఫలితం ఊరివారీగా ప్రకటించొచ్చు గానీ పిల్లల పేర్లు బయటికి పోకూడదు. గారపళ్లకు, వంకర కాళ్లకు భయపడి ఈ ఊళ్లకు పిల్లనిచ్చేందుకు వెనకాడిన రోజులు ఎవరికీ గుర్తులేనివి కావు.

మేము అడిగేది ఒక ఉమ్మడి పట్టిక. అన్ని శాఖలూ జనగణన గ్రామ కోడునే వాడాలి, ఊరి పేరు ఇంగ్లిష్‌లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాయకూడదు. నీళ్ల నమూనాకు మోటారు పది నిమిషాలు నడిపించి, 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. గాజు సీసా వద్దు. 28 రోజుల్లోపు పరీక్ష చేయాలి. మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి తీయాలి. సీసా మీద కోడు, తేదీ, బోరు లోతు, కొలిచిన పద్ధతి, తాగడానికా వంటకా అన్నది రాయాలి. చివరి గడి మరవొద్దు: బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కను అడిగి, అన్నం ఎసరుకు ఏ నీళ్లు పోస్తోందో అందులో నింపాలి.

— రసాయనశాస్త్ర, ప్రజారోగ్య అధ్యాపకులు కొందరు, నల్లగొండ