రిసార్టు కట్టలకు తనిఖీ ఏదీ?

సంపాదకుడు గారికి,

ఉదయగిరి వైపు మా ఊరి చెరువుకు ఎగువన ఒక రిసార్టు వాళ్లు వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసి, బోటు షికారుకు నీళ్లు నిలిపారు. నలుగురికి పని దొరికింది, కాదనను. కానీ ఆ కట్ట చూస్తే టెన్షన్‌గా ఉంది. కట్ట మీద చిల్లచెట్లు మానులయ్యాయి. చేపలు కొట్టుకుపోకుండా కలుజుకు, అంటే ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారికి, ఇనుప జాలీ బిగించారు. దానికి తూటికాడ, ప్లాస్టిక్ చెత్త పట్టుకుని సగం మూసుకుపోయింది. కట్ట వెనక, నీళ్లు లేని వైపు అడుగున మే నెలలో కూడా జమ్ము పచ్చగా ఉంటోంది, అంటే కట్టలోంచి నీళ్లు ఊరుతున్నట్టే. ఊట తేటగా ఉన్నంతవరకు కొంత నయం, బురదగా వచ్చిందంటే లోపల మట్టి కోసుకుపోతున్నట్టే. ఇదేంటని అడిగితే, "మా స్థలంలో మేం కట్టుకున్న కుంటండీ, ఎత్తు కూడా పెద్దగా లేదు" అన్నారు.

ఎత్తు సంగతి సరే, కింద ఎవరున్నారు? కట్టకు ప్రమాద స్థాయి నిర్ణయించేటప్పుడు మొదట చూడాల్సింది అదే. కట్ట గట్టిగా ఉందా లేదా అన్నది వేరే తనిఖీ. నిరుడు పోసిన కొత్త కట్టయినా దాని కింద కాలనీ ఉంటే పై తరగతిలో పెట్టాలి. కింద బీడు తప్ప ఏమీ లేకపోతే పాతదైనా తక్కువ తరగతే. మా దగ్గరైతే ఆ కట్ట కింద చెరువు, చెరువు కింద ఊరు. పైది తెగితే కిందిది ఆగుతుందన్న భరోసా లేదు.

సరదా కోసం నిలిపిన నీళ్లు ఊళ్లను ముంచడం కొత్తేమీ కాదు. అమెరికాలో ధనవంతుల వేట, చేపల క్లబ్బు చేతిలో ఉన్న సౌత్ ఫోర్క్ మట్టికట్ట 1889లో తెగి, జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా చనిపోయారు. అక్కడా కలుజుకు చేపల జాలీలే! 1977లో జార్జియాలో ఒక కాలేజీకి చెందిన కెల్లీ బార్న్స్ కట్ట అర్ధరాత్రి దాటాక తెగి 39 మంది పోయారు. దాని ఎత్తు సుమారు 40 అడుగులే, అంటే 12 మీటర్లు. ఆ తర్వాతే అక్కడి ప్రభుత్వం ప్రమాదకరమైన ప్రైవేటు కట్టలను తనిఖీ చేయించింది.

మన ఆనకట్టల భద్రతా చట్టం 2021లో వచ్చింది. 15 మీటర్లు దాటిన ఆనకట్టలన్నీ దాని కిందికి వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే, 500 మీటర్ల పొడవో, పది లక్షల ఘనపు మీటర్ల నిల్వో, అలాంటి మరో షరతో ఉండాలి. నాకు అర్థమైనంతలో కెల్లీ బార్న్స్ కట్ట ఇక్కడ ఉండుంటే ఈ కొలతలకు అందేది కాదు. మా ఎగువ కట్ట సంగతి చెప్పక్కర్లేదు.

2021 నవంబరులో పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగాక కింద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి, చెయ్యేరు ఒడ్డు ఊళ్లు ఏమయ్యాయో చూశాం. గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు, 2023లో మరో గేటు ఊడిపోయాయి. ఇంజినీర్లు, రికార్డులు ఉన్న సర్కారు ప్రాజెక్టుల గతే ఇది. మరి ఇంజినీరు మొహం చూడని కట్టకు దిక్కెవరు?

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. నెల్లూరు, ప్రకాశం కలెక్టర్లు తలుచుకుంటే వాగుల మీద ఉన్న ప్రైవేటు కట్టల జాబితా మండలాలవారీగా రాయించొచ్చు. కింద ఇళ్లున్న వాటిని నవంబరు వానలకు ముందే ఇంజినీరుతో చూపించాలి. నీళ్లు పెరిగితే రాత్రిపూట ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో యజమాని రాసిచ్చి, ఆ కాగితం సచివాలయంలో అంటించాలి. ఖర్చు యజమానే పెట్టుకోవాలి, బోటు టిక్కెట్ల డబ్బు వచ్చేది ఆయనకే కదా.

ప్రస్తుతం ఒక ఆఫీసులో అడిగితే పక్క ఆఫీసు పనంటున్నారు, అక్కడికి వెళ్తే ప్రైవేటు భూమి కదా అంటున్నారు. ఇది ఎవరి బాధ్యతో కలెక్టరు గారు ముందు తేల్చి ఉత్తర్వు ఇస్తే, వాళ్ల చుట్టూ తిరిగే పని మేం చూసుకుంటాం.

- ఒక ఆయకట్టు రైతు, ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా